ఒట్టెయ్యని జవాబు

ఒట్టెయ్యమంటే ఒట్టెయ్యలేక, అడిగినదానికి జవాబు చెప్పలేక, తలొంచుకుని ఊరొదిలి పోయిందని ఆమె గురించి మా డోన్‌లో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో మా ఇంటివాళ్ళే ముందుంటారు. పోయిన నెల ఆమె చనిపోయిందని ఫోను వచ్చిన పూట కూడా మా బావ, అంటే నా భర్త అన్న, అంగట్లో కందిపప్పు తూస్తూ తలెత్తకుండా అదే మాట అన్నాడు.

"పాపం, ఆ పొద్దు ఒక్క జవాబు చెప్పింటే ఈడనే ఉండేది."

ఒట్టెయ్యలేదు, అది నిజం. తక్కినదంతా అబద్ధం. ఆమె తల వంచగా నేను చూసింది చెప్పులు వేసుకునేటప్పుడు మాత్రమే. ఊరొదిలింది ఆ గొడవ అయిన చాలా కాలానికి, చెల్లెలికి కాళ్ళు పడిపోతే చూసుకునే దిక్కు లేక. ఇక జవాబంటారా, ఆ రోజు ఆమె చెప్పినంత సూటి జవాబు మా బజారులో అంతకు ముందు ఎవరూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. వినేవాళ్ళు కోరుకున్న జవాబు కాదు కాబట్టి అది లెక్కలోకి రాకుండా పోయింది. అంతే తేడా.

నేను శెట్ల ఇంటి కోడల్ని. బీకాం చదివాను. నోరు పెద్దదని పేరుంది. పెద్దదే. ఈ నోటితోనే ఇప్పుడు ఆమె గురించి చెప్పాలనుకుంటున్నాను. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు, నేనూ అంతే అంటాను. పేరు రాయను. బతికుండగా ఆ పేరును బజార్లో వేసి తొక్కింది చాలు.

ఆమెతో ఊరికి వచ్చిన చిక్కు ఒక్కటే. ఏదైనా అడిగితే, అడిగినదానికి జవాబు చెప్పేది.

మనం అడిగేవన్నీ జవాబు కోసం అడగం కదా. దారిలో ఎవరైనా ఎదురైతే బాగుండావా అంటాం, వాళ్ళు ఆఁ అంటారు, ఎవరి దోవ వాళ్ళది. టీచరమ్మను అలా అడిగిన పాపానికి మా పాలాయన ఒక రోజు నడి ఎండలో క్యాను పట్టుకుని నిలబడిపోయాడు.

"బాగలేనప్పా. ఎడమ మోకాలు శానా నొస్తాంది. బెల్లం కాఫీ తాగితే కడుపుబ్బరం. నిలబడప్పా, యాడికి పోతాండావు? అడిగితివి కదా, ఇనిపో."

ఆ తర్వాత ఆయన ఆమె కనబడితే సైకిలు బెల్లు కొట్టి, చెట్లవైపు చూస్తూ పోయేవాడు.

మా ఇంటికి వస్తే ఇంకో తంటా. కాఫీ తాగుతారా అని అడిగితే మన మర్యాద ఏమిటి? వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చినా అనాలి. ఇంకోసారి అడగాలి, ఇంకోసారి వద్దనాలి. చివరికి మీరు ఇంతగా అంటే సరే అని తాగాలి. టీచరమ్మ మొదటి మాటకే "తాగుతా, చక్కెర తక్కువ" అనేది. వద్దనిపిస్తే "వద్దు" అనేది. ఆ వద్దు మీద నమ్మకం లేక మా అత్త ఒకసారి గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. మీగడ కట్టి, చల్లారి, ఈగ పడేదాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. ఆమె కబుర్లన్నీ చెప్పుకుని లేచి పోయింది.

"అదేం మనిషే! మర్యాద తెలీదు," అని మా అత్త మండిపడింది.

"వద్దంటే వద్దు అని తెలిసే మర్యాద మనకుండల్ల గదా అత్తా," అన్నాను. ఆ పూట నాకు కూడా కాఫీ లేదు.

తల ఊపడం ఆమె దగ్గర చెల్లేది కాదు. మన దగ్గర సగం జవాబులు మెడతోనే చెబుతాం కదా. ఆమె అలాగే చూస్తూ ఉండేది. "మే, తల ఎద్దు గూడా ఊపుతాది. నోటితో చెప్పు," అనేది. బస్సులో కండక్టరు ఊపినా అంతే. "ఓర్వకల్లు కాడ ఆపుతావా లేదా? తలకాయ దించి నోరు తెరువప్పా." బస్సంతా నవ్వేది. ఆమె నవ్వేది కాదు. ఆయన నోటితో "ఆపుతానమ్మా" అన్న తర్వాతే కూర్చునేది.

ఆమె పల్లె బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళది జమ్మలమడుగు వైపు, పెన్నకు ఇవతల ఒక పల్లె. తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం, కొంచెం మెట్టభూమి, ఎక్కువ కూలిపని. డోన్‌లో స్థిరపడ్డాక చర్చి పక్కనుండే చిన్న గదిలో ఆడవాళ్ళకు ఇంగ్లీషు మొదలుపెట్టింది. మగవాళ్ళు భోంచేసి అంగళ్ళకు పోయాక, సాయంత్రం బేరాలు మొదలయ్యేలోపల, ఆడవాళ్ళకు ఊపిరి దొరికే సమయం ఒకటుంది చూడండి, అప్పుడు. నేను చేరాను. పక్కవీధిలో జాకెట్లు కుట్టే షాహీన్ చేరింది. రైల్వే క్వార్టర్ల నుంచి కొందరు వచ్చేవాళ్ళు.

మొదటి రోజు మమ్మల్ని ఇంట్లో ఉండే సామాను చెప్పమంది. ఫ్రిజ్జు, మిక్సీ, కుక్కరు, గ్యాసు, బల్బు అని అందరం ఒకేసారి అరిచాం. షాహీన్ చివర్లో "టెన్షన్" అంది.

"చూస్తిరా? సామానంతా మీకాడ ఇంగ్లీషులోనే ఉండాది. పేర్లు నేను చెప్పేపని లేదు. మీకు లేనివి క్రియలు. వాష్ చేయి, కట్ చేయి, అడ్జస్ట్ చేయి. అన్నిటికీ ఒక 'చేయి' తగిలిస్తారు. ఇంగ్లీషోని పనులన్నీ తెలుగు చేత్తో చేస్తాండారు. నేను క్రియలు మాత్రమే చెప్తా. ఒక్కోటి లొంగేదాంకా వదలను."

వదల్లేదు. ఒక్క మాటను పట్టుకుంటే వారాల తరబడి అదే. అన్నిటికంటే ఎక్కువ కాలం మమ్మల్ని కూర్చోబెట్టింది 'ఆన్సర్' దగ్గర. పరీక్ష కాగితంలో కొశ్చన్ పక్కనుండే మాట కదా, ఇందులో నేర్చుకునేది ఏముంది అనుకున్నాం.

ఫోను మోగితే ఎత్తడం కూడా ఆన్సరేనంది. సరే. తలుపు కొడితే పోయి తీయడం కూడా అదేనంది. షాహీన్ ఊరుకోలేదు.

"తలుపుకు జవాబేంది టీచరమ్మా? తలుపేమన్నా అడిగిందా?"

"అడగలేదా? కొట్టినోడు అడిగినట్లే. తీసినదానివి చెప్పినట్లే. తీయకపోయినా చెప్పినట్లే, అది వేరే జవాబు."

పోలీసులు వెతికే మనిషి పోలికలు ఎవరికైనా సరిపోతే ఆ మనిషి ఆ వర్ణనకు ఆన్సర్ చేసినట్లట. ప్రార్థన ఫలిస్తే దేవుడు ఆన్సర్ చేసినట్లట. "తెలుగులో దేవుడు పలుకుతాడు, ఇంగ్లీషులో ఆన్సర్ చేస్తాడు," అంది. ఎవరి కింద పని చేస్తామో వాళ్ళకు ఆన్సర్ చేయాలి. ఎవరి తప్పొప్పులు మన మీద వేసుకుంటామో వాళ్ళ కోసం ఆన్సర్ చేయాలి. వెనక ఒక 'బ్యాక్' తగిలిస్తే పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం. ఇది చెప్పగానే అందరూ నావైపు తిరిగారు. "ఈమెకు ఈ పాఠం వద్దులే టీచరమ్మా, పుట్టుకతోనే వచ్చింది," అంది షాహీన్.

ఒక రోజు షాహీనే బోర్డు మీది 'ఆన్సర్' చూసి, పలకని డబ్ల్యూ ఒకటి మధ్యలో ఎందుకు కూర్చుందని అడిగింది. టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకుంది. ఆమె చేతులు దులుపుకుంటే పెద్ద కథ వస్తుందని గుర్తు.

"పలకదు గానీ పోలేదు. ఆ మాట రెండు ముక్కలు. ముందరిది ఎదురు. వెనకది ఒట్టు, వాళ్ళ 'స్వేర్', ఆ డబ్ల్యూ దానిదే. పాతకాలంలో వాళ్ళ దేశంలో ఒక మనిషి మీద నేరం మోపితే, నలుగురి ముందర నిలబడి 'నేను చేయలేదు' అని ఒట్టేయల్ల. మోపిన మాటకు ఎదురొట్టు. అదీ ఆ క్రియ పుట్టిన తావు. ఒక్కరు వేస్తే చాలకపోతే, ఇరుగుపొరుగును తెచ్చుకోవల్ల. వాళ్ళు పక్కన నిలబడి, ఈ మనిషి మాట నమ్మదగిందేనని తామూ ఒట్టేయల్ల."

మా కోర్టు కూడా అదేనన్నాను నేను. మా బజారు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. తూకంలో తేడా వచ్చిందని గానీ, సరుకులో కల్తీ ఉందని గానీ ఇద్దరు వ్యాపారులు కొట్లాడుకుంటే మావాళ్ళు పోలీసుల దగ్గరికి పోరు. పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తారు. నేను తప్పు చేయలేదని చెప్పి, అరచేత్తో ఆ మంటను కప్పి ఆర్పాలి. ఆర్పితే అక్కడితో సరి. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

టీచరమ్మ శ్రద్ధగా విన్నది. "చెయ్యి కాలుతుందా?"

"కాలదు. గబుక్కున కప్పితే ఆరిపోతుంది."

"అబద్ధమాడినోని చెయ్యి?"

"అదీ కాలదు."

"అయితే నిజమైనా అబద్ధమైనా వచ్చేది కర్పూరం వాసనే కదా మే!"

అందరం నవ్వాం. అప్పుడే చెప్పింది, వాళ్ళ ఇంట్లో ఒట్లు నిషేధమని. చిన్నప్పుడు 'అమ్మతోడు' అన్నందుకు వాళ్ళమ్మ చింతబరికె తీసుకుందట. ఉన్నది ఉన్నట్లు చెబితే చాలదా, మధ్యలో నన్నెందుకు ఈడుస్తావు అనిందట.

"మరి ఒట్టు లేకుండా ఆన్సర్ ఎట్లిస్తావు టీచరమ్మా? నువ్వే చెప్తివి కదా, దాని కడుపులో ఒట్టు ఉండాదని," అంది షాహీన్.

"అదే నేర్చుకుంటాండా ఇంత వయసొచ్చినా," అంది ఆమె. ఆ మాట తమాషాకు అన్నది కాదు. మళ్ళీ తనే అంది. "మా చర్చిలో సమాధానమంటే శాంతి. మీ పరీక్షల్లో సమాధానమంటే జవాబు. ఇంగ్లీషోనికి జవాబంటే ఎదురు నిలబడేది. ముగ్గురిలో ఎవరిది సరైందో నాకు తెలీదు. నాకైతే ముందు ఎదురు నిలబడితేనే తర్వాత శాంతి వచ్చేది."

ఇప్పుడు మాధవి సంగతి. మా బావ చిన్నకోడలు. నంద్యాల పిల్ల, డిగ్రీ చదివింది. మా ఇంటికి వచ్చి రెండేళ్ళయినా గొంతు ఎలా ఉంటుందో సరిగా ఎవరికీ తెలియదు. ఆఁ, ఊఁ, లేకపోతే తల. ఆ పిల్లను టీచరమ్మ దగ్గర చేర్పించింది నేనే. ఇది నేను ఒప్పుకోవడం కాదు, గొప్పగా చెప్పుకోవడం. ఇప్పుడైనా ఆమె బతికుంటే ఇంకో పిల్లను చేర్పిస్తాను.

టీచరమ్మ ఆ పిల్లకు ఇచ్చిన పని తలుపు. రోజూ గది బయటికి పోయి ఎవరో ఒకరు కొట్టాలి, మాధవి తీసి మాట్లాడాలి. మా ఇంట్లో వీధి తలుపు కోడళ్ళు తీయరు. ఎవరైనా కొడితే లోపలికి జరుగుతారు. మాధవి మొదట్లో ఇక్కడా అదే చేసింది, తలుపు చప్పుడైతే వెనక్కి జరిగేది. టీచరమ్మ తిట్టలేదు, మెచ్చుకోలేదు. "మళ్ళా" అనేది. ఆమెకు తెలిసిన శిక్ష, బహుమానం రెండూ ఆ ఒక్క మాటే. కొన్నాళ్ళకు తలుపు సందుగా తెరుచుకుంది. ఆ తర్వాత ఒక రోజు నేను కొట్టాను. ఆ పిల్ల రెండు రెక్కలూ బార్లా తీసి, నడుమ నిలబడి, "యెస్? హూ ఆర్ యూ?" అంది. ఎంత గట్టిగా అందంటే చర్చి ఆవరణలో గింజలు ఏరుకుంటున్న పావురాలు లేచాయి. నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను.

కొన్ని నెలల తర్వాత, ఒక ఉదయం మాధవి సంచి తీసుకుని కర్నూలు బస్సెక్కింది. ఓర్వకల్లు విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఉద్యోగం, కర్నూలులో హాస్టలు. వంటింట్లో టిఫిను చేసి మూత పెట్టి మరీ పోయింది. పోతున్నానని మొగుడికి చెప్పే పోయింది. ఫోనులో ఆట ఆడుతూ అతను ఊఁ అన్నాడట. తర్వాత ఏం చెప్పిందో వినలేదన్నాడు.

ఇల్లంతా దొంగలు పడ్డట్టు గోల. మా బావ ఎవరినీ ఒక్క మాట అడగకుండా తీర్పు చెప్పేశాడు. "ఆ టీచరమ్మే పంపింది. కోడండ్లకు నోరిస్తాంది. ఈ పొద్దు మా ఇల్లు, రేపు మీ ఇల్లు."

ఆదివారం చర్చి అయ్యాక టీచరమ్మను అంగడికి పిలిపించారు. బస్తాల మధ్య కుర్చీలు వేశారు. బావ, బజారు పెద్దలు కొందరు. చర్చి తరఫున సంఘపెద్ద ఒకాయన వచ్చి ఏ వైపూ కాని చోట స్టూలు మీద కూర్చున్నాడు. మాధవి మొగుడు చక్కెర మూట మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నేను కాఫీలు తెచ్చి అక్కడే నిలబడ్డాను. పొమ్మన్నారు, పోలేదు.

"కాఫీ తాగుతారా టీచరమ్మా?" అన్నాడు బావ, మర్యాదగా.

"తాగుతా."

అక్కడే వాళ్ళకు మొదటి దెబ్బ. నేరం మోపడానికి పిలిచిన మనిషి మొహమాటపడాలి కదా, ఈమె గ్లాసు అందుకుని ఊదుకుంటూ కూర్చుంది.

బావ తన లెక్కలో న్యాయంగానే పోయాడు. ఆయన దుర్మార్గుడు కాదు, అది కూడా చెప్పాలి. ఎదురుగా పళ్ళెం పెట్టి, అందులో కర్పూరం బిళ్ళ పెట్టాడు. "మీరు వేరే మతమని నేను తక్కువ చేయలేదమ్మా. మాలో మేం ఎట్ల తేల్చుకుంటామో మీతో గూడా అట్లనే. బిళ్ళ వెలిగిస్తా, నా కోడల్ని పంపలేదని చెప్పి ఆ మంట ఆర్పండి. ఈ క్షణం నుంచి ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనరు. అంటే నేనే పళ్ళు రాలగొడ్తా."

"ఆర్పను శెట్టీ. మాకు ఒట్టు లేదు."

బావ ముందే ఇది ఊహించుకుని ఉన్నాడు. ఎంత సంబరంగా లోపలికి చెయ్యి ఊపాడో! చర్చికి పోయే హమాలీ ఒకాయన ఇంటినుంచి తెప్పించి ఉంచిన వాళ్ళ దేవుని పుస్తకం, కొత్త తువ్వాలలో చుట్టింది, భక్తిగా రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు. "అందుకే తెప్పించినా. మీ దేవుని మీదనే వేయండి. సినిమాల్లో కోర్టులో చేయి పెడతారు చూడండి, అట్ల." పెద్దలంతా బావవైపు మెచ్చుకోలుగా చూశారు. ఇంత విశాలహృదయం ఎవరికుంటుంది!

టీచరమ్మ చేతులు చెంగుకు తుడుచుకుంది. తువ్వాల విప్పి, నాలుగు పేజీలు తిప్పి, పుస్తకాన్ని బావవైపు తిప్పి, వేలు పెట్టింది. "చదువు శెట్టీ. పైకి చదువు, అందరికీ ఇనపడల్ల."

బావ కళ్ళజోడు సర్దుకుని, సరుకు పట్టీ చదివే గొంతుతో మొదలుపెట్టాడు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని ఉంది అందులో. దేని మీదా వద్దని, ఆఖరికి నీ తల మీద కూడా వద్దని. చదివేకొద్దీ ఆయన గొంతు తగ్గిపోయింది. సంఘపెద్ద నేల చూశాడు, ఆయనకు తెలియని మాటా అది? తెలిసే అంతసేపు స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు.

"దేని మీద ఒట్టెయ్యమంటివో, అదే వద్దంటాంది. ఇప్పుడేం చేద్దామప్పా?"

నాకు నవ్వు ఆగలేదు. బావకు కోపం ఆగలేదు. అప్పటిదాకా ఉన్న 'మీరు' ఎగిరిపోయింది.

"ఒట్టెయ్యకపోతే నిన్నెట్ల నమ్మేది?"

"నేను అబద్ధాలాడే దాన్నయితే కర్పూరం ఆర్పి గూడా ఆడతా. ఆడనిదాన్నయితే కర్పూరం దండగ."

"సరే, ఉత్త నోటితోనే చెప్పు. పంపినావా, లేదా?"

నేను ఉండబట్టలేక, "ఆ పిల్లను చేర్పించింది నేను బావా. నన్నడగండి," అన్నాను.

"ఆడోళ్ళు మధ్యలో మాట్లాడొద్దు."

"ఇంతసేపూ మీరడుగుతాండేది ఆడమనిషిని కాదా?"

టీచరమ్మ కాఫీ అడుగుదాకా తాగి, గ్లాసు కర్పూరం పళ్ళెం పక్కన పెట్టింది. కోర్టుల్లో వినిపించే గొంతు కాదు అది. తరగతిలో 'మళ్ళా' అనే గొంతు.

"నేను చెప్పిన పాఠానికి నేను జవాబుదారీ. తలుపు తీసేది నేర్పించినా, నోరు తెరిసేది నేర్పించినా. తప్పయితే ఆ తప్పు నాదే. ఆ పిల్ల యాడికి పోయింది, ఎందుకు పోయింది అంటావా, అది నా జవాబు కాదు శెట్టీ. నేను పంపినా అంటే ఆ పిల్లకు బుర్ర లేదని చెప్పినట్లు. పంపలేదు అంటే, ఎవరో ఒకరు పంపందే ఆడపిల్ల కదలదని ఒప్పుకున్నట్లు. రెండూ అనను. ఆ పిల్ల బతికే ఉండాది. నోరుండాది. ఇప్పుడు ఇంగ్లీషు గూడా ఉండాది. నీకు ఏ భాషలో కావల్నంటే ఆ భాషలో చెప్తాది. పోయి అడుగు."

మూట మీద ఫోనులో ఏదో ఆట గెలిచిన చప్పుడైంది.

ఇదండీ, 'జవాబు చెప్పలేకపోయిన' మనిషి చెప్పింది.

సంఘపెద్ద లేచి, నసుగుతూ, పట్టణంలో అందరితో కలిసుండాలి కదా టీచరమ్మా, కొన్నాళ్ళు ఆ గది మూసేద్దాం అన్నాడు.

"గది నీది, తాళం నీది. తీసుకో. క్రియలు నావి," అని చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రానికే బజారంతా పాకింది, టీచరమ్మ ఒట్టెయ్యలేకపోయిందని. మరుసటి రోజుకు, తల దించుకుందని. వారానికి, ఏడ్చిందని. కాఫీ తాగిన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

తర్వాత పాఠాలు రైల్వే స్టేషనులో. అవును, డోన్ జంక్షన్ ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద. అది ఏ వీధిదీ కాదు, ఏ మతానిదీ కాదు. ప్లాట్‌ఫారం టికెట్టు ఉంటే ఎవరూ లేపలేరు. కొందరు మానేశారు. వాళ్ళ ఇళ్ళలో గొడవలు నాకు తెలుసు, నేను తప్పుపట్టను. నేను, షాహీన్, రైల్వే వాళ్ళు మిగిలాం. బండ్ల ప్రకటన వచ్చినప్పుడల్లా పాఠం ఆగేది. ఒకసారి కొత్తగా వచ్చిన టికెట్ కలెక్టరు, రోజూ ఇక్కడే కూర్చుంటున్నారు, ఎక్కడికి పోతారు అని అడిగాడు. పాపం, జవాబు కోసం అడిగినవాడు కాదు. టీచరమ్మ అతన్ని కూర్చోబెట్టి, తాను ఎక్కడికెక్కడికి పోవాలనుకుని పోలేదో మొత్తం చెప్పింది. రాయచూరు దగ్గర మొదలుపెట్టింది. అతని బండి వచ్చి పోయింది.

కాలం గడిచింది. చెల్లెలి కోసం ఆమె తన పల్లెకు పోయిన రోజు స్టేషనుకు మేమంతా వచ్చాం. ఏడుస్తూ, "మళ్ళా వస్తావా?" అని అడిగింది షాహీన్.

"రాను," అంది. ఎవరైనా వస్తాలే అంటారు కదా! ఆమె అనలేదు.

పోయిన నెల ఫోను వచ్చాక నేను, షాహీన్ బస్సులో పోయాం. జమ్మలమడుగు దాటాక రోడ్డు పొడవునా గండికోట చూడ్డానికి పోయే కార్లు. మేం అడ్డంగా పొలాల్లోకి దిగిపోయాం. నల్లరేగడి, కోసేసిన శనగచేలు. సమాధుల చోట కడప బండలు పరిచి ఉన్నాయి. పాదిరిగారు ప్రార్థన మొదలుపెట్టేసరికి, ఉద్యోగం యూనిఫాంలోనే, జుట్టు ముడిలోంచి జారుతుండగా మాధవి పరుగున వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. మన్ను వేసి, నా పక్కన నిలబడింది.

బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు అడిగాను. ఇంటినుంచి ఎవరైనా, ఎప్పుడైనా, ఫోను చేశారా అని.

"లేదు చిన్నత్తా. నా నంబరు మారలేదు. ఆయనదీ మారలేదు. మొదట్లో రోజూ అనుకునేదాన్ని, ఈ పొద్దు అడుగుతారేమో, ఇట్ల చెప్పల్ల, అట్ల చెప్పల్ల అని. బస్సులో పోతా లోపల్లోపల చెప్పుకుంటాంటి. శానా బాగా తయారు చేసుకున్నా. ఎవరూ అడగలేదు."

ఎందుకు పోయిందో నాకు తెలుసు. అంగట్లో ఆ పంచాయితీ జరిగిన వారానికే నేను ఓర్వకల్లు పోయి అడిగాను, చెప్పింది. కర్నూలు బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారితే సరిపోయే పని. ఆ పిల్ల చెప్పింది ఇక్కడ రాయను. అది తన నోటితో, అడగాల్సినవాళ్ళు అడిగినప్పుడు చెప్పాల్సింది.

డోన్‌కు తిరిగొచ్చి అంగట్లోకి పోయాను. బావ ఆమె కోసం నిజంగానే బాధపడుతున్నాడు. నిట్టూర్చి, "ఏమైనా గానీ, పంపిందో లేదో ఆమె చెప్పనే లేదు," అన్నాడు మళ్ళీ. అప్పుడు నేను ఒక ప్రశ్న అడిగాను. ఆయన తల ఊపాడు. నోటితో చెప్పమన్నాను. హమాలీని కేకేసి గోడౌనులోకి పోయాడు. మరుసటి రోజు కూడా అడిగాను. బేరం టైములో ఏందమ్మా అన్నాడు. ఇంట్లో అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అందుకే అచ్చులో అడుగుతున్నాను, ఇక్కడినుంచి లేచిపోవడానికి వీల్లేదు.

ఒక ముసలామెను అడగడానికి బజారు పెద్దల్ని పోగేశారు. కర్పూరం తెచ్చారు, పక్కమతం దేవుని పుస్తకం తెప్పించారు, కళ్ళజోడు పెట్టుకుని అది పైకి చదివారు కూడా. ఇంత శ్రమపడినవాళ్ళు, ఓర్వకల్లులో కౌంటరు వెనకాల నిలబడి రోజంతా ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రశ్నలకు జవాబులు చెబుతున్న మీ సొంత కోడల్ని, "ఎందుకు పోతివి తల్లీ?" అని ఇంతవరకూ ఒక్క మాట ఎందుకు అడగలేదు బావా?